వెనక గేటు ఎంత దూరం?

హాల్‌టికెట్ మీద చిరునామా నాలుగు వరుసలు ఉంది: కాలేజీ పేరు, వీధి, పేట, పిన్‌కోడు. దాని కింద పెద్దక్షరాల్లో ఇంకో వరుస. చెప్పిన వేళకు ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరని. మా అమ్మాయి ఆ కింది వరుసను మెదక్ బస్టాండ్‌లో ఒకసారి, నర్సాపూర్ దాటాక ఒకసారి, బాలానగర్ ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయినప్పుడు మరోసారి చదివింది. పై నాలుగు వరుసలు మాత్రం ఎన్నిసార్లు చదివినా ఎటు పోవాలో చెప్పవు.

హైదరాబాద్ జూబిలీ బస్‌స్టేషన్ జేబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అతను కాలేజీ ముందు గేటు దగ్గరే దించాడు. గేటుకు తాళం వేసి ఉంది. పరీక్ష రాసేవాళ్లు వెనక గేటు నుంచి రావాలని లోపలున్న వాచ్‌మన్ చెప్పాడు. ఎంత దూరమని అడిగితే, "గోడ పట్టుకొని తిరగండ్రి సార్, పక్కనే" అన్నాడు. ప్రహరీ వెంట కొంతసేపు నడిచాం, తర్వాత పరుగెత్తాం. దారిలో అడిగిన నలుగురూ ఆగి మరీ చెప్పారు. ఇద్దరు కుడికి పొమ్మన్నారు, ఒకాయన ఎడమకు పొమ్మన్నాడు. ఒకామె తోపుడుబండిని పక్కవాళ్లకు అప్పగించి మా వెంట మలుపు దాకా వచ్చింది. గేటు దగ్గరికి చేరేసరికి నాలుగు నిమిషాలు మిగిలాయి. అమ్మాయి లోపలికి పోయింది. నేను అక్కడే చెట్టు కింద నిలబడ్డాను. ఐదు నిమిషాల తర్వాత జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల, వాళ్ల నాన్న అదే గోడ వెంట పరుగెత్తుకుంటూ వచ్చారు. గేటు వేసేశారు. వాళ్లు కూడా మొదట ముందు గేటు దగ్గరే దిగారట.

నిమిషం నిబంధన తప్పని నేననను. అందరికీ ఒకేసారి ప్రశ్నపత్రం ఇచ్చే పరీక్షలో ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. మన ఇంటర్ బోర్డు కూడా 2024లో ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది తప్ప గీతను చెరిపెయ్యలేదు. నా బాధ వేరే. గేటు మూసేది నిమిషాల లెక్కన అయితే, దారి చెప్పేది కూడా నిమిషాల లెక్కనే ఉండాలి. బస్సు దిగిన చోటు నుంచి ఏ గేటు, ఆ గేటుకు ఎన్ని నిమిషాలు, గేటు నుంచి ఏ భవనం, ఆ భవనంలో ఏ అంతస్తు. ఇవి తెలిసినవాళ్లు ఆ కాలేజీలో కనీసం పదిమంది ఉంటారు. కాగితం మీదికి మాత్రం ఒక్క ముక్కా రాలేదు.

మెదక్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి పోయినేడు ఎంఎస్‌సీ కోసం లండన్ వెళ్లింది. ఈ సంగతి ఆమెకు ఫోన్‌లో చెబితే, తన విశ్వవిద్యాలయం వాళ్లు రాసిపెట్టుకున్న 'మా దగ్గరికి ఎలా రావాలి' అనే పాఠాన్ని పంపింది. ఆ రాత్రి మొదలుపెట్టి కొన్ని వారాలపాటు నాకు అదే పని. టోక్యో, సియోల్, బోస్టన్, ఢిల్లీ... ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన ఇంటికి వచ్చేవాళ్లకు దారి ఎలా చెబుతుందో చదువుతూ పోయాను. ఇంతకుముందు ఇలాంటివి చదవాల్సిన సాహిత్యమని ఎన్నడూ అనుకోలేదు. నిజానికి ఒక సంస్థ తెలియనివాళ్లను ఎలా చూస్తుందో దాని గొప్పతనం గురించి రాసుకున్న మాటల్లో దొరకదు, దారి చెప్పిన తీరులో దొరుకుతుంది.

టోక్యో విశ్వవిద్యాలయానికి హోంగో అనే పేటలో పాత ప్రాంగణం ఉంది. దాని చుట్టూ అరడజను భూగర్భ రైలు స్టేషన్లున్నాయి. విశ్వవిద్యాలయం ప్రతి స్టేషన్ పేరు పక్కన అది ఏ లైనో, అక్కడి నుంచి నడిస్తే ఎన్ని నిమిషాలో రాస్తుంది. తోదాయ్‌మాయే స్టేషన్ నుంచి 1 నిమిషం. ఆ పేరుకు అర్థమే 'టోక్యో విశ్వవిద్యాలయం ముందు' అని. హోంగో-సన్‌చోమే అనే పేరుతో రెండు లైన్ల మీద రెండు స్టేషన్లున్నాయి. ఓఎదో లైన్ స్టేషన్ నుంచి 6 నిమిషాలు, మరునోఉచి లైన్ స్టేషన్ నుంచి 8 నిమిషాలు. ఒకే పేరున్న రెండు స్టేషన్ల మధ్య రెండు నిమిషాల తేడాను కూడా వదిలిపెట్టలేదు. నేను ఆ వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన దగ్గర ఆ రెండూ కలిపి 'హోంగో స్టేషన్ పక్కనే' అయిపోయేవి.

జపాన్‌లో ఇల్లు అమ్మే ప్రకటనల్లోనూ స్టేషన్ నుంచి నడకకు ఎన్ని నిమిషాలో రాస్తారు. ఆ నిమిషం ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకునేది కాదు. 80 మీటర్లకు ఒక నిమిషం, మిగిలిన ముక్కను కూడా పూర్తి నిమిషంగానే లెక్కగట్టాలని ఆ వ్యాపారానికి ఒక నియమావళి ఉంది. మన వెంచర్ల కరపత్రాల్లో 'ఔటర్ రింగు రోడ్డుకు 10 నిమిషాలు' అని చదివి ఆదివారం పూట చూడబోయినవాళ్లకు ఈ నియమం విలువ వెంటనే తెలుస్తుంది. అక్కడి లెక్కలోనూ లోటుంది. సిగ్నల్ దగ్గర ఆగే సమయాన్ని, ఎత్తు ఎక్కే ఆయాసాన్ని అది పట్టించుకోదు. చేతిలో సూట్‌కేసు, పక్కన అరవై దాటిన అమ్మ ఉంటే నేను నిమిషానికి 50 మీటర్లే వేసుకుంటాను. అయినా అందరూ ఒకే కొలత వాడితే, ఎవరి నడకను బట్టి వాళ్లు సర్దుకోవచ్చు. కొలతే లేకపోతే సర్దుకోవడానికి ఏమీ ఉండదు.

కొలత మనకు కొత్త కాదు. కూతవేటు అన్నాం. క్రోసు అన్నాం, ఆమడ అన్నాం. కేక వేస్తే వినపడేంత దూరం అనేది మనిషి గొంతుతో, చెవితో కొలిచిన దూరం. జపానువాళ్ల నిమిషం కూడా మనిషి కాళ్లతో కొలిచిందే. మనం ఆ పాత కొలతలను వదిలేశాం, కిలోమీటర్లను రోడ్డు పక్క రాళ్లకు వదిలేశాం. మధ్యలో మనకు మిగిలినవి 'పక్కనే', 'ఎదురుగా', 'కొంచెం ముందుకు'. పదిహేను నిమిషాల నడకను 'గీడనే' అని నేను కూడా ఎన్నోసార్లు చెప్పాను. ఎదుటివాళ్లకు భయం తగ్గించాలనే చెప్పాను. భయం తగ్గించే మాట వేరు, దారి చెప్పే మాట వేరు అని ఆ గోడ వెంట పరుగెత్తిన రోజునే నాకు తెలిసింది.

బయటి దేశాల్లో అన్నీ సరిగ్గా ఉంటాయని కూడా కాదు. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 1983లో మొదలైన స్టేషన్ ఒకటి ఆ విశ్వవిద్యాలయ ద్వారం పేరుతోనే ఉంది. ఆ పేరు నమ్మి దిగినవాళ్లకు ద్వారం కనపడదు, ఇంకా రెండు కిలోమీటర్ల దాకా పోవాలి. స్టేషన్ నుంచి బస్సెక్కాలి. నలభై ఏళ్లుగా కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ ఈ హెచ్చరిక చెబుతూనే ఉన్నారు. 2022లో సిల్లిం లైన్ వచ్చాక గ్వానక్సాన్ స్టేషన్ ద్వారానికి దగ్గరగా పడింది. స్టేషన్ పేరు మార్చడం కష్టమైనప్పుడు కనీసం నిజమైన దూరం రాసి, ఏ బస్సెక్కాలో చెప్పడం విశ్వవిద్యాలయం తన పనిగా పెట్టుకుంది. నాకు నచ్చింది అదే. తప్పు ఎవరిదైనా, వచ్చేవాళ్లు తప్పిపోతే ఆ బాధ్యత తనది అనుకోవడం.

మళ్లీ మా బడి అమ్మాయి దగ్గరికి. ఆమె చదివే యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు మన యూనివర్సిటీల్లా ఒక పెద్ద ప్రహరీ లేదు. బ్లూమ్స్‌బరీ అనే పేటలో వీధుల మధ్య పరుచుకొని ఉంటుంది. అలాంటిచోట గేటు చూపించి వదిలేయడం కుదరదు. అందుకే వాళ్లు భవనం భవనానికీ విడిగా రాయాల్సి వచ్చింది. యూస్టన్ స్క్వేర్, వారెన్ స్ట్రీట్, గూజ్ స్ట్రీట్, రస్సెల్ స్క్వేర్ స్టేషన్లలో మనం పోవాల్సిన భవనానికి ఏది దగ్గరో ముందే చూసుకోవచ్చు. ఇంకా ఆశ్చర్యం, లోపలి సంగతులు. యాక్సెసబుల్ అనే సంస్థతో కలిసి తయారుచేసిన సమాచారంలో గుమ్మం ముందు మెట్లు ఎన్ని, వాలు ఎంత, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, లిఫ్టు వెడల్పు ఎంత, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉందో ఫొటోలతో సహా ఉంటాయి.

ఇది చదువుతుంటే మా బడిలో చక్రాల కుర్చీలో వచ్చే ఒక పిల్లవాడు గుర్తొచ్చాడు. పది పాసై, పాలిటెక్నిక్ ప్రవేశానికి సర్టిఫికెట్ల పరిశీలనకు పోవాల్సి వచ్చినప్పుడు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. "సార్, ఆడ మెట్లున్నయా?" నేను ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు, "వచ్చినంక ఎట్లనో చూద్దాం సార్, మనుషులున్నరు, ఎత్తుకుపోతరు" అన్నాడు. ఆయన మాటలో దయ ఉంది. నిజంగా ఎత్తుకుపోయారు కూడా. పదహారేళ్ల పిల్లవాడికి నలుగురి ముందు ఎత్తుకోబడటం ఎలా ఉంటుందో ఆయనకు తట్టలేదు, ఆ నిమిషానికి నాకూ తట్టలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ర్యాంపు కట్టమంటుంది. ర్యాంపు కట్టే డబ్బు వచ్చేదాకా ఆగాల్సి వస్తే ఆగొచ్చు. మెట్లు ఎనిమిది ఉన్నాయని రాయడానికి డబ్బు అవసరం లేదు.

లండన్ వీధుల్లోనే ఇంకో పాఠం ఉంది. 2000 తర్వాత అక్కడ లెక్క తీస్తే, నగరం నడిబొడ్డులో నడిచేవాళ్లకు దారి చూపే బోర్డులు 32 రకాల పద్ధతుల్లో ఉన్నాయని తేలింది. ఒక్కొక్క పేటది ఒక్కొక్క రంగు, ఒక్కొక్క గుర్తు. అందుకని 'లెజిబుల్ లండన్' అనే పేరుతో అంతటా ఒకే తీరు బోర్డులు పెట్టడం మొదలుపెట్టారు. 2007లో బాండ్ స్ట్రీట్ దగ్గర నమూనా నిలబెట్టారు. ఆ బోర్డుల మీది పటంలో ప్రతిసారీ ఉత్తరమే పైన ఉండదు. మనం ఎటు తిరిగి నిలబడి చూస్తున్నామో ఆ దిక్కు పైన ఉంటుంది. మన ముందున్న వీధి పటంలోనూ ముందే ఉంటుంది. కుడి చేతి వైపుది కుడి వైపే. చుట్టూ ఐదు నిమిషాల నడకకు ఒక వలయం గీసి ఉంటుంది. మన ప్రాంగణాల్లో పటం ఉన్నచోట కూడా అది బడిగోడ మీది భారతదేశ పటంలా ఉత్తరం పైకి పెట్టి ఉంటుంది. ఎండలో నిలబడి తల పక్కకు వంచి చూసే తల్లిదండ్రులను ప్రతి జూన్‌లో చూస్తాం. పటం గీసినవాళ్లది చిన్న తప్పు కూడా కాదు, వాళ్లకు అలాగే నేర్పారు. తిప్పి గీస్తే సరిపోతుంది.

అమెరికాలో ఎంఐటీవాళ్లు భవనాలకు పేర్లకన్నా ముందు అంకెలు వాడతారు. 10-250 అంటే పదో నంబరు భవనం, రెండో అంతస్తు, యాభయ్యో గది. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరినీ అడగకుండా ఆ ఒక్క అంకెతో గది దాకా పోతారు. మన దగ్గర ముప్పై ఏళ్ల కిందట కట్టిన భవనాన్ని ఇంకా 'కొత్త బ్లాక్' అనే పిలుస్తాం. దాత పేరు ముందు గోడ మీద పాలరాతిలో ఉంటుంది, వాడుకలో వేరే పేరుంటుంది, హాల్‌టికెట్ మీద మూడో పేరుంటుంది. ముగ్గురు మనుషులను వెతికినంత పని.

మన దేశంలోనే చక్కగా కుదిరిన చోట్లున్నాయి. ఢిల్లీ మెట్రో ఎల్లో లైన్ 2004 డిసెంబరులో మొదలైనప్పుడు ఉత్తరపు చివరి స్టేషన్‌కు 'విశ్వవిద్యాలయ' అని పేరు పెట్టారు. కాలేజీ పేర్లు తెలియని తండ్రికి కూడా ఎక్కడ దిగాలో తెలుస్తుంది. అక్కడి నుంచి నార్త్ క్యాంపస్ కాలేజీలకు ఈ-రిక్షాలు బయట వరుసగా నిలబడతాయి. రైలు వదిలిన చోట రిక్షా అందుకుంటుంది. దారి మధ్యలో తెగదు.

హైదరాబాద్‌లో మనకున్న అన్నిటికన్నా పెద్ద పేరు ఉస్మానియా. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయమే బయట చూసి నేర్చుకోవడానికి మంచి ఉదాహరణ. ప్రాంగణం కట్టే ముందు నిజాం ప్రభుత్వం నవాబ్ జైన్ యార్ జంగ్‌ను, సయ్యద్ అలీ రజాను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. వాళ్లు యూరప్, అమెరికా తిరిగి వచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ చేత నమూనా గీయించారు. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ప్రారంభించారు. అక్కడ చూసింది ఇక్కడ అచ్చు దింపలేదు. తోరణాల్లో, స్తంభాల్లో మన దక్కను నేల కనపడుతుంది. చదువు చెప్పిన భాషా ఇక్కడిదే, ఉర్దూ. బయటికి పోయి చూసిరావడం, వచ్చాక మనకు సరిపడేట్టు మలుచుకోవడం ఆ ప్రాంగణానికి పునాదిలోనే ఉంది. భవనం కోసం చేసిన ఆ పనిని దారి కోసం చేయడం మిగిలింది.

ఉస్మానియా ప్రాంగణం వెయ్యి ఎకరాలకు పైన. తార్నాక వైపు నుంచి రావచ్చు, అడిక్‌మెట్ వైపు నుంచి రావచ్చు, విద్యానగర్ వైపు ఎన్‌సీసీ గేటు నుంచి రావచ్చు. 'ఓయూ దగ్గర దిగండి' అంటే ఎక్కడ దిగినట్టు? ఇంజినీరింగ్ కాలేజీకి పోయేవాళ్లకు ఒక చోటు, ఠాగూర్ ఆడిటోరియానికి పోయేవాళ్లకు ఇంకో చోటు దగ్గర. పక్కనే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని సీఫెల్ అంటారు. కొత్త పిల్లలకు ఆ పేరు తెలియదు, ఆటో అతనికి కొత్త పేరు తెలియకపోవచ్చు. ఇద్దరి మధ్యా దారి తప్పుతుంది.

అందుకని నేనే ఒక సాయంత్రం కూర్చుని, మెదక్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి టోక్యోవాళ్ల పద్ధతిలో దారి రాసి చూశాను. మెదక్‌లో జేబీఎస్ బస్సెక్కాలి, వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. జేబీఎస్‌లో దిగాక ఆటో కోసం బయటికి పోనక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు మెట్రో గ్రీన్ లైన్ మొదలైంది. బస్టాండ్ పక్కనే స్టేషన్. అక్కడి నుంచి పైన నడకదారి మీదుగా బ్లూ లైన్ పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌కు పోవచ్చు. నాగోల్ వైపు పోయే రైలెక్కాలి. సికింద్రాబాద్ ఈస్ట్, మెట్టుగూడ, తర్వాత తార్నాక. మూడో స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి ఆర్ట్స్ కాలేజీ దాదాపు రెండు కిలోమీటర్లు, జపాన్ లెక్కన 25 నిమిషాలు, అమ్మతో అయితే 40. కాబట్టి ఆటో.

రాస్తుంటే నాకే కొన్ని సంగతులు తెలిశాయి. బ్లూ లైన్ ఎక్కండి అంటే చాలదు. ప్లాట్‌ఫారం మీద రాసి ఉండేది చివరి స్టేషన్ పేరు. నాగోల్ అనే ఊరితో మనకు పని లేకపోయినా ఆ పేరు తెలియాలి, లేకపోతే రాయదుర్గం వైపు పోతాం. ఇలాంటి వాక్యం నగరంలో ఉండేవాళ్లు రాయరు. వాళ్లకు అది ఎప్పుడో ఒంటబట్టింది. తెలిసినవాళ్లు రాసినదాన్ని తెలియనివాళ్ల చేత నడిపించి చూడాలి. వాళ్లు ఎక్కడ ఆగి తల గోక్కున్నారో అక్కడ ఇంకో వాక్యం చేర్చాలి.

రైలు దారి కూడా ఉంది. అక్కన్నపేట నుంచి మెదక్‌కు 17.2 కిలోమీటర్ల లైన్ 2022 సెప్టెంబరులో మొదలైంది. మెదక్ నుంచి కాచిగూడ పోయే బండి మల్కాజిగిరి దాటి ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్ అనే చిన్న స్టేషన్ల మీదుగానే పోతుంది. బండి అక్కడ ఆగకపోయినా, కాచిగూడలో దిగి ఎంఎంటీఎస్ లోకల్ రైలు పట్టుకుంటే మళ్లీ అవే స్టేషన్లకు వెనక్కి రావచ్చు. మూడో స్టేషన్ పేరే ఆర్ట్స్ కాలేజీ. బస్సు రద్దయిన రోజున, జాతర రోజున ఈ సంగతి తెలిస్తే ఎంత మేలు! మా బడి టీచర్లలో నేను అడిగినవాళ్లెవరికీ ఇది తెలియదు.

అతిథిని ఆదరించడంలో మనకు లోటు లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. మన దారులన్నీ ఆ సామెత మీదే నడుస్తున్నాయి. తోపుడుబండి వదిలి మా వెంట వచ్చినామె లాంటివాళ్లు లండన్‌లో ఎంతమంది దొరుకుతారో నాకు అనుమానమే. మన దగ్గర మనిషి పలుకుతాడు, సంస్థ పలకదు. అక్కడ సంస్థ ముందే పలికేస్తుంది కాబట్టి మనిషిని అడగాల్సిన అవసరం తక్కువ. అడగలేనివాళ్లు ఎంతమంది ఉంటారో మనం ఆలోచించం. మొదటిసారి ఒంటరిగా నగరానికి వచ్చిన ఆడపిల్ల అపరిచితులను అడగడానికి జంకుతుంది. మాట వినపడనివాళ్లున్నారు. తెలుగు రాక వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లున్నారు. నోరు లేనివాళ్లకు కూడా ఊరు మంచిదిగా ఉండాలంటే కాగితం మాట్లాడాలి. ఈ మధ్య కొన్ని పరీక్షల హాల్‌టికెట్ల మీద క్యూఆర్ కోడ్ వేస్తున్నారు, ఫోన్‌తో చూస్తే పరీక్షా కేంద్రం పటంలో కనపడుతుంది. మంచి అడుగు. అయితే పటంలో చుక్క ప్రాంగణం మధ్యలో పడుతుంది. తాళం వేసిన గేటు ఏదో, తెరిచిన గేటు ఏదో దానికి తెలియదు. చుక్క పక్కన ఒక వాక్యం చేరిస్తే పని పూర్తవుతుంది.

నగరం గురించి ఇంత చెప్పి మెదక్‌ను వదిలేయడం న్యాయం కాదు. మా ఊరి పేరే చాలా ఏళ్లపాటు జనాన్ని తప్పుదారి పట్టించింది. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లా కేంద్రం మెదక్‌లో లేదు, అరవై కిలోమీటర్లకు పైగా దూరంలో సంగారెడ్డిలో ఉంది. మెదక్ కలెక్టరేట్ అంటే సంగారెడ్డికి పోవాల్సి వచ్చేది. మెదక్ ఆయుధ కర్మాగారం ఎద్దుమైలారంలో ఉంది, అదీ సంగారెడ్డి పక్కనే. 2008లో హైదరాబాద్ ఐఐటీ తరగతులు మొదలైంది ఆ ఎద్దుమైలారంలోనే, తర్వాత కంది ప్రాంగణానికి మారింది. పేరులో హైదరాబాద్, అప్పటి చిరునామాలో మెదక్ జిల్లా, నిజంగా ఉన్నది సంగారెడ్డి దగ్గర. పేరు, చిరునామా, చోటు ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులని మెదక్‌వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాబట్టి స్పష్టంగా దారి రాయడంలో మేం ముందుండాలి.

ఇప్పుడు ఆ అవసరం కూడా వచ్చింది. 2024లో మెదక్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఏ జిల్లా నుంచో పిల్లలు వస్తారు, పెట్టెలతో తల్లిదండ్రులు వస్తారు. ఇన్నాళ్లూ మా ఊరి పెద్ద చర్చి చూడ్డానికి వచ్చినవాళ్లకు దారి చెప్పాల్సిన పనే ఉండేది కాదు. 1924 డిసెంబరు 25న ప్రారంభించిన ఆ చర్చి గోపురం 175 అడుగులు. అంత ఎత్తు గోపురం తన దారి తనే చెప్పుకుంటుంది. కళాశాలకూ, హాస్టల్‌కూ అలాంటి గోపురం లేదు. వాటికి మాటలు కావాలి.

అందుకని ఈ సంవత్సరం తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని పెట్టాను. ఊరికి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఒకే ఒక కాగితం. బస్టాండ్ నుంచి, రైల్వే స్టేషన్ నుంచి, రాందాస్ చౌరస్తా నుంచి కళాశాలకూ, పెద్దాసుపత్రికీ, కలెక్టరేట్‌కూ, కోటకూ ఎన్ని నిమిషాలో వాళ్లే నడిచి చూసి రాయాలి. ఒకసారి ఉత్త చేతులతో, ఒకసారి బరువు సంచితో. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడి తమ్ముడు ఇప్పుడు ఆ తరగతిలోనే ఉన్నాడు. మెట్లు లెక్కపెట్టే పని తనకే ఇవ్వమని అడిగి తీసుకున్నాడు. మొదటి రోజే ఒక చోట ఆరు, ఇంకోచోట పదకొండు అని రాసుకొచ్చాడు. పదకొండు మెట్లున్న చోట పక్క గోడ అవతల వాలుదారి ఒకటి ఉందని, దానికి ఎప్పుడూ తాళం ఉంటుందని, తాళం ఎవరి దగ్గరుందో కూడా అడిగి వచ్చాడు.

పటం గీసేటప్పుడు గొడవ మొదలైంది. ఏది పైన పెట్టాలి? ఉత్తరం వద్దని అందరూ ఒప్పుకున్నారు. బస్టాండ్‌లో దిగినవాళ్లు చూసే దిక్కు పైన ఉండాలని కొందరన్నారు, స్టేషన్‌లో దిగినవాళ్ల సంగతేమిటని ఇంకొందరన్నారు. చివరికి రెండు కాగితాలు గీయాలని తీర్మానించారు. రెండింటిలోనూ చర్చి గోపురం ఉండాలట, ఎటు తిరిగి నిలబడ్డా కనపడేది అదొక్కటే కాబట్టి. రైల్వే స్టేషన్ కాగితంలో గోపురం ఏ వైపు గీయాలో తెలియక, ముగ్గురు పిల్లలు ఈ శనివారం బడి అయ్యాక ప్లాట్‌ఫారం మీదికి పోయి నిలబడి చూసొస్తామన్నారు.